మా అబ్బాయి ఫుట్‌బాల్ లైన్‌మన్ అవుతానంటున్నాడు, ఒప్పుకోమంటారా?

ప్రశ్న: మేము అమెరికాలో, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి టెన్త్ గ్రేడ్. ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు, బరువు 255 పౌండ్లు. స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో అఫెన్సివ్ గార్డ్‌గా, అంటే బంతి ఉన్న జట్టు ముందు వరుసలో, ఆడుతున్నాడు. కాలేజీ స్థాయిలో ఆడే సత్తా ఉందని కోచ్ చెప్పినప్పటి నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ (ఈ ఆట ప్రొఫెషనల్ లీగ్) తప్ప వేరే మాట లేదు. మార్కులు ఏ నుంచి బీకి జారాయి. తలకు దెబ్బలు తగులుతాయని వాళ్లమ్మకు ఒకటే టెన్షన్. దీన్ని కెరీర్‌గా నమ్మొచ్చా, ఇప్పుడే మాన్పించాలా?

జవాబు: మాన్పించొద్దండీ. అలాగని ఎన్‌ఎఫ్‌ఎల్‌ని నమ్ముకుని చదువు గాలికి వదిలేయనివ్వకండి. ఈ ఆట మీ వాడికి మంచి కాలేజీలో సీటు, అదృష్టం బాగుంటే ఫీజు కూడా తెచ్చిపెట్టగలదు. అక్కడిదాకా దాన్ని మనస్ఫూర్తిగా ప్రోత్సహించండి. ఆ పైన వచ్చేదాన్ని లెక్కలో వేసుకోకండి.

ముందు మీ అబ్బాయి పని ఏమిటో మీరు దగ్గర నుంచి చూడాలి. వచ్చే శుక్రవారం మ్యాచ్‌లో బంతి వైపు చూడకండి, వాడి జెర్సీ నంబరునే చూడండి. ఒక చెయ్యి నేలకు ఆనించి వంగి ఉంటాడు. ఆట మొదలైన క్షణంలో మొదటి అడుగు ఎటు వేశాడు, రెండు చేతులూ ఎదుటివాడి ఛాతీ మీద పడ్డాయా, నడుము కిందికి ఉందా లేచిపోయిందా అన్నవే వాడి పరీక్ష. లైన్‌లో ఉండే ఐదుగురిలో బంతిని ముట్టుకునేది దాన్ని వెనక్కి అందించే సెంటర్ ఒక్కడే. మిగతా నలుగురూ, అంటే ఇద్దరు గార్డులు, ఇద్దరు టాకిళ్లు, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి దెబ్బ తగలకుండా, పరిగెత్తేవాడికి దారి ఏర్పడేలా చూడాలి. స్కోర్‌బోర్డు మీద వాళ్ల పేరు పడదు. అయినా ఆ స్థానాన్ని ఇష్టపడుతున్నాడంటే మీ వాడిలో మంచి క్రమశిక్షణ ఉందని నా నమ్మకం.

ఇక అవకాశాల సంగతి. అమెరికాలో హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడేవాళ్లు దాదాపు పది లక్షల మంది. వాళ్లలో ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల సంఘం) కాలేజీ జట్లకు చేరేది నూటికి ఏడుగురు. కాలేజీ ముగించుకుని డ్రాఫ్ట్‌కి, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్తవాళ్లను ఎంచుకునే ప్రక్రియకి, అర్హులైనవాళ్లలో ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లేది నూటికి ఇద్దరు కూడా ఉండరు. హైస్కూల్ అయ్యాక మూడేళ్లు గడిస్తే గానీ డ్రాఫ్ట్‌లోకి రానివ్వరు. అందులో ఎంపికయ్యాక కూడా, ఆగస్టులో ప్రతి జట్టూ తొంభై మందిని యాభై ముగ్గురికి కుదిస్తుంది. 2025లో కొత్త ఆటగాడికి కనీస జీతం 8,40,000 డాలర్లు. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ చాలా ఒప్పందాల్లో గ్యారంటీ ఉన్నది కొంత భాగమే. సగటు కెరీర్ మూడేళ్లకు కాస్త ఎక్కువని ఆటగాళ్ల సంఘమే చెబుతుంది. అంటే ఇరవై ఆరో ఏట మీ వాడు మళ్లీ ఉద్యోగం వెతుక్కునే పరిస్థితి రావచ్చు.

కొలతలు కూడా అడ్డం వస్తాయి. ఎన్‌ఎఫ్‌ఎల్ లైన్‌మన్‌లలో ఎక్కువమంది 300 పౌండ్లు దాటినవాళ్లే. డ్రాఫ్ట్‌కి ముందు ఇండియానాపొలిస్‌లో జరిగే కంబైన్ అనే పరీక్షల్లో చేతుల పొడవు కూడా టేపు పెట్టి కొలుస్తారు. మీ అబ్బాయి ఇంకా ఎదగకపోతే టాకిల్ స్థానం కష్టం. గార్డ్‌గా గానీ, సెంటర్‌గా గానీ ప్రయత్నించాలి. సెంటర్ పని కూడా నేర్పించమని కోచ్‌ని అడగండి, అందులో బలంతో పాటు ఎదుటి జట్టు ఎత్తుగడ చదివే తెలివి కావాలి. ఫిలడెల్ఫియా ఈగల్స్ సెంటర్ జేసన్ కెల్సీ సిన్సినాటి యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ లేకుండానే జట్టులో చేరాడు. లైన్‌మన్‌గా చిన్న మనిషి అనిపించుకున్నాడు. 2011 డ్రాఫ్ట్‌లో ఆరో రౌండ్ దాకా ఎవరూ తీసుకోలేదు. అయినా పదమూడు సీజన్లు ఒకే జట్టుకు ఆడి 2024లో రిటైరయ్యాడు. అలాంటి కథలు నిజమే, కానీ అరుదు.

మీ ఆవిడ భయం దగ్గరికి వస్తాను, ఎందుకంటే అది అనవసరమైన భయం కాదు. లైన్‌మన్‌కి పెద్ద దెబ్బ ఒకటి తగలడం కన్నా, బంతి కదిలిన దాదాపు ప్రతిసారీ తగిలే చిన్న చిన్న కుదుపులే సమస్య. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ సెంటర్ మైక్ వెబ్‌స్టర్ 2002లో యాభై ఏళ్లకే చనిపోయారు. ఆయన మెదడును పరీక్షించిన డాక్టర్ బెన్నెట్ ఒమాలు తలకు పదేపదే తగిలే దెబ్బలతో వచ్చే సీటీఈ అనే మెదడు క్షీణతను గుర్తించాకే దేశం ఈ విషయం మాట్లాడటం మొదలుపెట్టింది. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో, కుటుంబాలు దానం చేసిన 111 మంది మాజీ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల మెదళ్లలో 110లో ఆ జబ్బు కనబడింది. లక్షణాలు ఉన్నవాళ్ల కుటుంబాలే ఎక్కువగా దానం చేస్తాయి కాబట్టి ఆడినవాళ్లందరికీ వస్తుందని కాదు. కానీ ఆడిన ఏళ్లు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది.

ఆ అధ్యయనం వచ్చిన రెండు రోజులకే బాల్టిమోర్ రేవెన్స్ గార్డ్ జాన్ అర్షెల్ ఇరవై ఆరేళ్ల వయసులో ఆట మానేశాడు. అప్పటికే ఎంఐటీలో గణితంలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. 2015లో కంకషన్ (తలకు దెబ్బ తగిలి మెదడు కుదుపుకు గురవడం) అయ్యాక కొంతకాలం కష్టమైన గణితం తలకెక్కలేదని ఆయనే చెప్పాడు. ఇప్పుడు ఎంఐటీలోనే ప్రొఫెసర్. కాన్సస్ సిటీ చీఫ్స్ గార్డ్ లోరెంట్ డువెర్నే-టార్డిఫ్ ఆడుతూనే కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో మెడిసిన్ పూర్తి చేసి, సూపర్ బౌల్ గెలిచాడు. కోవిడ్ వచ్చిన 2020లో సీజన్ వదులుకుని క్యుబెక్‌లో వృద్ధుల కేంద్రంలో పనిచేశాడు. ఈ ఇద్దరి గురించి మీ అబ్బాయి చేతే చదివించండి. మానేయాల్సిన రోజున వాళ్లకు వెళ్లడానికి వేరే చోటు ఉంది.

టెక్సాస్ స్కూళ్లలో పూర్తి కాంటాక్ట్ ప్రాక్టీస్ ఒక్కో ఆటగాడికి వారానికి తొంభై నిమిషాలు దాటకూడదు. కంకషన్ అనుమానం ఉంటే అదే రోజు మళ్లీ ఆడించకూడదు, డాక్టర్ రాసిచ్చాకే తిరిగి దించాలి. ఈ రెండూ మీ స్కూల్లో ఎలా పాటిస్తున్నారో ట్రైనర్‌ని నేరుగా అడగండి. తలనొప్పి దాచుకుని ఆడితే ఆ సీజన్ అంతటితో ఆఖరని ఇంట్లో ముందే చెప్పేయండి, అన్న మాట మీద నిలబడండి.

బరువు గురించి చాలామంది అడగరు, మన వాళ్లు తప్పకుండా అడగాలి. దక్షిణాసియా వాళ్లకు తక్కువ బరువులోనే షుగర్, గుండె జబ్బులు వస్తాయి. ఇంట్లో తాతకో నాన్నకో షుగర్ ఉంటే, 300 పౌండ్లకు పెంచే ముందు డాక్టర్‌తో ఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), బీపీ, కొలెస్ట్రాల్ చూపించండి, ఏటా చూపిస్తూ ఉండండి. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ టాకిల్ జో థామస్ వరుసగా 10,363 స్నాప్‌లు (బంతి అందించగానే మొదలయ్యే ఒక్కో ఆట) ఆడిన దిగ్గజం. రిటైరయ్యాక దాదాపు 50 పౌండ్లు తగ్గాడు. పెంచడం ఎంత ముఖ్యమో ఆట మానేశాక దించడం అంతే ముఖ్యం.

చదువు సంగతి ఇప్పుడే సరిచేయాలి. టెక్సాస్‌లో ఒక సబ్జెక్టులో 70 కన్నా తగ్గితే కనీసం మూడు వారాలు మ్యాచ్‌లు ఆడనివ్వరు. ఎన్‌సీఏఏలో పైస్థాయి అయిన డివిజన్ వన్ కాలేజీకి పదహారు కోర్ కోర్సులు (ప్రధాన సబ్జెక్టులు), వాటిలో 2.3 జీపీఏ (సగటు గ్రేడు) ఉండాలి. ఆ కోర్సుల్లో పది సీనియర్ సంవత్సరం (ట్వెల్త్ గ్రేడ్) మొదలయ్యేలోపే అయిపోవాలి. కానీ అది కనీస అర్హత మాత్రమే, మీరు చూడాల్సింది దానికి చాలా పైన. ఐవీ లీగ్, డివిజన్ త్రీ కాలేజీలు ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వవు, ఆదాయాన్ని బట్టే సాయం చేస్తాయి. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంటికి అది పెద్దగా రాకపోవచ్చు. అయినా మంచి మార్కులున్న లైన్‌మన్ కోసం అక్కడి కోచ్‌లు వెతుకుతారు, అడ్మిషన్‌లో అది బాగా పనికొస్తుంది. ఏ నుంచి బీకి జారడం వల్ల ముందుగా పోయేవి ఆ సీట్లే.

మీ అబ్బాయి అమెరికాలోనే పుట్టి ఉంటే ఈ పేరా వదిలేయండి. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటే, ఇరవై ఒకటో ఏట ఆ స్టేటస్ పోతుంది. అప్పటికి గ్రీన్ కార్డు రాకపోతే ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాలి. స్కాలర్‌షిప్‌తో చిక్కు లేదు. కానీ కాలేజీ ఆటగాళ్లకు ఇప్పుడు ప్రకటనల మీద, కాలేజీ వాటాగా వస్తున్న డబ్బు ఎఫ్-1 విద్యార్థి తీసుకుంటే వీసాకే ఎసరు రావచ్చు. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించండి.

ఈ నెలలోనే స్కూల్ కౌన్సిలర్ దగ్గర కూర్చుని ఆ పదహారు కోర్సుల్లో ఎన్ని అయ్యాయో లెక్క చూసుకోండి. కోచ్‌ని "ఏ డివిజన్, ఏ స్థానం?" అని సూటిగా అడగండి. కాలేజీలో ఆడే సత్తా అన్న మాటలో డివిజన్ వన్ నుంచి డివిజన్ త్రీ దాకా అన్నీ ఇమిడిపోతాయి. ఆ రెండు జవాబులూ, మార్కుల పత్రమూ పంపితే ఏయే కాలేజీలకు రాయాలో కలిసి చూద్దాం.