స్కీయింగ్ వల్ల ఆల్ప్స్ పర్వతాలకు జరిగే నష్టం ఏమిటి?

మంచు మీద జారితే కొండకేం నష్టం అని చాలామందికి అనిపిస్తుంది. అసలు నష్టం ఆ వాలును సిద్ధం చేయడంలో ఉంది. బుల్డోజర్లతో రాళ్లు తీసి చదును చేస్తే పైమట్టి పోతుంది. అంత ఎత్తులో మొక్కలు పెరిగేది ఏడాదికి కొద్ది నెలలే కాబట్టి, పచ్చిక తిరిగి రావడానికి దశాబ్దాలు పట్టవచ్చు.

పైగా భూతాపంతో సహజ మంచు తగ్గిపోయి, మెషిన్లతో కృత్రిమ మంచు చల్లుతున్నారు. దానికి బోలెడు నీళ్లు కావాలి, అదీ వాగులు సన్నబడే చలికాలంలో. అందుకని కొండల మీదే చెరువులు తవ్వుతున్నారు. ఫ్రాన్స్‌లోని లా క్లూసాజ్‌లో అలాంటి చెరువు కోసం అడవి కొట్టబోతే జనం అడ్డుకున్నారు. 2022 అక్టోబరులో గ్రెనోబుల్ కోర్టు ఆ అనుమతిని నిలిపివేసింది. స్కీ రిసార్టుకు మంచు కావాలన్న కారణం అక్కడి జీవులకు జరిగే నష్టం ముందు చాలదని చెప్పింది. నా దృష్టిలో చాలా మంచి తీర్పు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది బ్లాక్ గ్రౌస్ సంగతి. కోడి జాతికి చెందిన ఈ పక్షి చలికాలంలో మంచులో బొరియ చేసుకుని, ఒంట్లో శక్తి ఖర్చు కాకుండా ఒదిగి ఉంటుంది. స్కీయింగ్ కోసం గుర్తులు పెట్టిన దారి వదిలి స్కీ చేసేవాళ్లు దగ్గరికొస్తే బెదిరి ఎగిరిపోతుంది. గడ్డకట్టే చలిలో పదే పదే ఇలా జరిగితే బతకడం కష్టం. అందుకే స్విట్జర్లాండ్‌లో చలికాలం మనుషులు వెళ్లకూడని ప్రాంతాలను మ్యాపుల్లో చూపిస్తారు.

ఆల్ప్స్ పర్వతాలను కాపాడుకోవడానికి 1991లో మొదలైన ఆల్పైన్ ఒప్పందంలో ఇప్పుడు 8 దేశాలున్నాయి. కానీ స్విట్జర్లాండ్ ఒప్పందంలో చేరినా, టూరిజం, నేల రక్షణ లాంటి అంశాలపై ఉన్న ప్రోటోకాల్స్‌ను (అనుబంధ ఒప్పందాలను) మాత్రం ఆమోదించలేదు.