గ్యాడ్ నెగెటివ్ వస్తే టైప్ 1 కాదని అర్థమా?

అన్నా, మీ బాబుకి 11 ఏళ్లు, షుగర్ 400 దాటింది, గ్యాడ్ టెస్ట్ (గ్యాడ్ అనే ప్రోటీన్ మీద ఒంట్లో యాంటీబాడీలు, అంటే దాడికి తయారయ్యే పదార్థాలు, ఉన్నాయేమో చూసే రక్త పరీక్ష) నెగెటివ్ వచ్చింది, మరి టైప్ 1 (ఒంటి రక్షణ వ్యవస్థే ప్యాంక్రియాస్ మీద దాడి చేసే షుగర్) కాదేమో, అసలు ఒళ్లు ప్యాంక్రియాస్‌లో దేన్ని చూసి దాడి చేస్తుంది అని కదా మీరు అడిగేది. గ్యాడ్ ఒక్కటీ చూసి కాదనుకోవడానికి లేదు. మాది అనంతపురం, మా అక్క కూతురికి కూడా గ్యాడ్ నెగెటివే, కానీ అట్లాంటివే వేరే టెస్టులు ఐఏ-2, జింక్ ట్రాన్స్‌పోర్టర్ 8 రెండూ పాజిటివ్ వచ్చినాయి, పాప ఇన్సులిన్ మీదే ఉంది.

దాడి జరిగేది ఇన్సులిన్ తయారుచేసే బీటా సెల్స్ మీద. వాటిలోని ప్రోటీన్లలో, యాంటీబాడీలు ఉన్నాయేమోనని ముఖ్యంగా టెస్ట్ చేసేవి నాలుగు: ఇన్సులిన్, గ్యాడ్ 65, ఐఏ-2, జింక్ ట్రాన్స్‌పోర్టర్ 8. ఒక్కొక్కరికి ఒక్కో రకంగా వస్తాయి, మరీ చిన్నపిల్లల్లో ఇన్సులిన్‌ది ఎక్కువ కనిపిస్తుంది, వయసు పెరిగేకొద్దీ గ్యాడ్. కొందరికి నాలుగూ నెగెటివ్ వచ్చినా టైప్ 1 ఉండొచ్చు.

ఇవి కనుక్కున్న తీరు భలే ఉంటుంది. 1974లో పేషెంట్ల సీరం తీసుకుని ప్యాంక్రియాస్ ముక్క మీద వేసి చూస్తే అందులోని ఐలెట్ కణాలకి (బీటా సెల్స్ ఉండే గుంపులు) యాంటీబాడీ అతుక్కుంది, కానీ దేనికి అతుక్కుందో తెలియలా. 1982లో 64 కిలోడాల్టన్ల ప్రోటీన్ ఒకటి దొరికింది, అదేందో తేలడానికి 1990 దాకా పట్టింది. అది కూడా ఎట్లంటే, కండరాలు కట్టెల్లా బిగుసుకుపోయే ఒక అరుదైన జబ్బు ఉంది, ఆ పేషెంట్లలో చానామందికి షుగర్ కూడా ఉంది, వాళ్ల రక్తంలో గ్యాడ్ అనే ఎంజైమ్ మీద యాంటీబాడీలు కనిపించినాయి, ఆ ఎంజైమ్ మెదడులోనూ ఉంటుంది, బీటా సెల్స్‌లోనూ ఉంటుంది. చూస్తే ఆ 64 ప్రోటీన్ ఇదే! జింక్‌ది దొరికింది 2007లోనే. 2016లో ఇంకో సంగతి బయటపడింది, బీటా సెల్ లోపల ఇన్సులిన్ ముక్క వేరే ప్రోటీన్ ముక్కతో అతుక్కుని కొత్త రకం పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క) తయారవుతుందంట, దాన్ని పేషెంట్ల టీ సెల్స్ (రక్షణ వ్యవస్థలోని ఒక రకం తెల్ల రక్తకణాలు) గుర్తుపడుతున్నాయని చూపించినారు.

ఇంకోటి, కణాల్ని ఎక్కువగా చంపేది యాంటీబాడీలు కాదు, టీ సెల్స్. చెనక్కాయ చేలో రాత్రి అడవి పందులు పడితే పొద్దున అడుగులు కనిపిస్తాయి చూడు, యాంటీబాడీలు ఆ అడుగులు, అంతే. అందుకే రిపోర్ట్‌లో నంబర్ ఎక్కువ ఉంది, తక్కువ ఉంది అని కంగారు పడొద్దు.

డబ్బులు దండగ కాకుండా ఒక మాట. ఇక్కడ ఒక ల్యాబ్ వాళ్లు పాపకి ఇన్సులిన్ మొదలుపెట్టి వారాలు గడిచినాక కూడా ఇన్సులిన్ యాంటీబాడీ కలిపి ప్యాకేజీ అంటగట్టినారు. బయట నుంచి ఇన్సులిన్ ఎక్కిస్తే దాని మీదా యాంటీబాడీ పుడుతుంది, కాబట్టి ఆ రిజల్ట్‌కి అర్థం లేదు, డాక్టర్ ఆ లైన్ మీద పెన్నుతో అడ్డంగా గీత కొట్టేసినాడు. మీ బాబుకి ఇన్సులిన్ ఇప్పటికే నడుస్తుంటే ఐఏ-2, జింక్‌ది, సి-పెప్టైడ్ గురించి డాక్టర్‌ని అడగండి, సి-పెప్టైడ్‌తో ఒంట్లో సొంత ఇన్సులిన్ ఎంత మిగిలిందో తెలుస్తుంది. అయితే మొదట్లో కొన్నాళ్లు అది బాగానే ఉన్నట్టు చూపించొచ్చు, అది చూసి ఎవరో చెప్పినారని ఇన్సులిన్ ఆపేది మాత్రం పెట్టుకోవద్దన్నా, ప్రాణం మీదికి వస్తుంది.