టోబా గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో ఉన్న టోబా సరస్సు మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. నీళ్ల వర్ణన నాకు నచ్చింది. కానీ అంబరిటా ఊళ్లో రాతి కుర్చీల దగ్గర మొదలుపెట్టి, నేరస్థుల తలలు నరికిన కథతోనే సగం వ్యాసం నింపేశావు. అక్కడికి వచ్చే ప్రతి టూరిస్టుకూ గైడు చెప్పే కథే అది. దాన్ని ఒక్క పేరాలో ముగించెయ్.

ఆ కుర్చీల పక్కనే ఉన్న ఇళ్ల దగ్గర ఆగు. గుంజల మీద నిలబెట్టిన ఇల్లు, రెండు చివరలా పైకి లేచిన కప్పు, తల వంచి దూరాల్సిన గుమ్మం. ముందువైపు ఎరుపు, నలుపు, తెలుపు రంగుల చెక్కడాల్లో ఒక బల్లి, దాని దగ్గర స్తనాల జతలు. బల్లిలా ఎక్కడైనా నిలదొక్కుకోవాలి, కన్నతల్లిని మాత్రం మరవకూడదు అని దానికి అర్థం చెబుతారు. ఒకప్పుడు చెట్టునారతో నేసిన కప్పుల మీద ఇప్పుడు చాలాచోట్ల తుప్పు పట్టిన రేకులున్నాయి. వాటిని దాచకు. అందులో మనుషులు కాపురముంటున్నారని పాఠకుడికి తెలిసేది ఆ రేకుల వల్లే.

ఇక మనుషుల సంగతి. ఆ ఇళ్లు కట్టుకున్న అక్కడి జాతివాళ్లు బటాక్‌లు. ఇద్దరు బటాక్‌లు కొత్తగా కలిస్తే ముందు మర్గా, అంటే వంశం పేరు అడుగుతారు. వెంటనే వరసలు కలుపుకుంటారు. ఒకే మర్గా వాళ్లు పెళ్లి చేసుకోకూడదన్నది ఆచారం. పెళ్లిలో ఆడపెళ్లివారు ఉలోస్ అనే నేతబట్టను దంపతుల భుజాల మీద కప్పి దీవిస్తారు. మన పాఠకుడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, చూపిస్తే చాలు. 1862లో నొమెన్‌సెన్ అనే జర్మన్ మిషనరీ వచ్చాక వీళ్లలో చాలామంది క్రైస్తవులయ్యారు. పొలాల మధ్య సమాధి, దాని మీద చిన్న బటాక్ ఇల్లు, ఆపైన సిలువ. ఆ ఒక్క సమాధిని వర్ణిస్తే చరిత్రకు వేరే పేరా అక్కర్లేదు.

ఇంకో పెద్ద లోటు ఉంది. ఆ సరస్సు సుమారు 74,000 ఏళ్ల క్రితం పేలిన అగ్నిపర్వతపు గొయ్యి. ఆ బూడిద మన నంద్యాల జిల్లా జ్వాలాపురంలో పొరగా పేరుకుంది. ఆ పొర కిందా, పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. తెలుగులో రాస్తూ దీన్ని ఎలా వదిలేశావయ్యా!

వ్యాసమంతా గైడు ఒక్కడే మాట్లాడుతున్నాడు. నీకు చేప వండిపెట్టిన ఇంటావిడ సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశావు. అందలిమాన్ అనే మసాలా గింజలకు నాలుక తిమ్మిరెక్కిందన్నావు. అవి ఎక్కడ కోస్తారో, ఎవరు కోస్తారో ఆవిడను అడిగావా? అడిగి ఉంటే ఆ జవాబు ఆవిడ మాటల్లోనే రాసి పంపు.

మీ అన్నయ్య