ఆకాశం నుంచి కరపత్రాలు

ప్రశ్న: పూర్వం వ్యాపారులు విమానాల నుంచి కరపత్రాలు వెదజల్లించేవారని పెద్దలు చెబుతుంటారు. ఈ పద్ధతి ఎలా సాగింది? దానివల్ల ప్రయోజనం ఉండేదా? తర్వాత ఎందుకు తగ్గిపోయింది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఈ పద్ధతికి తొలినాటి ఉదాహరణల్లో బాగా పేరుపడినది వ్యాపారానికి చెందినది కాదు, స్త్రీల ఓటుహక్కుకు చెందినది. 1909 ఫిబ్రవరి 16న, ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డు పార్లమెంటు సమావేశాలను ప్రారంభించడానికి బయలుదేరిన రోజున, ఆస్ట్రేలియాలో పుట్టిన మ్యూరియల్ మ్యాటర్స్ అనే ఉద్యమకారిణి లండన్ శివార్లలోని హెండన్ నుంచి ఒక ఎయిర్‌షిప్ (గాలికన్నా తేలికైన వాయువు నింపి, ఇంజనుతో నడిపే పెద్ద బెలూన్‌లాంటి వాహనం) ఎక్కారు. హెన్రీ స్పెన్సర్ నడిపిన ఆ ఎయిర్‌షిప్ పొడవు సుమారు 80 అడుగులు. దాని పక్కన ‘స్త్రీలకు ఓట్లు’ అని పెద్ద అక్షరాలతో రాయించారు. ఆమె వెంట దాదాపు 25 కిలోల కరపత్రాలున్నాయి. ఎదురుగాలికి చిన్న ఇంజను తట్టుకోలేకపోవడంతో పార్లమెంటు భవనం దాకా చేరనేలేదు. దారి పొడవునా కరపత్రాలు చల్లుతూ వెళ్లి, చివరికి నగరానికి దక్షిణాన కూల్స్‌డన్‌లో దిగారు. అయినా ఆ ప్రయాణం గురించి పత్రికలు విస్తారంగా రాశాయి. నా దృష్టిలో ఈ పద్ధతికున్న అసలు బలం అదే: కాగితం చేతికి అందనివారు కూడా తలెత్తి చూశారు, నలుగురికీ చెప్పుకున్నారు.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికాలో మిగిలిపోయిన శిక్షణ విమానాలను చౌకగా అమ్మేయడంతో, వాటిని కొన్న పైలట్లు ఊరూరా తిరిగి విన్యాసాలు చేస్తూ, డబ్బు తీసుకుని జనాన్ని విమానం ఎక్కించేవారు. ఊరి మీద తక్కువ ఎత్తులో చక్కర్లు కొట్టి, తమ ప్రదర్శన కరపత్రాలను తామే జారవిడిచేవారు.

అయితే విడికాగితం తిన్నగా కిందపడదు. ఎత్తు పెరిగినకొద్దీ గాలి దాన్ని మరింత దూరం కొట్టుకుపోతుంది కనుక, గాలి వీచే దిక్కును చూసుకుని, ఊరికి అవతలి నుంచే చల్లడం మొదలుపెట్టాలి. కట్ట విడిపోకుండా పడితే కిందివారికి దెబ్బ తగిలే ప్రమాదమూ ఉంది.

షికాగోకు చెందిన కర్టిస్ క్యాండీ కంపెనీ మరో అడుగు ముందుకు వేసి, 1923లో పిట్స్‌బర్గ్ నగరం మీద తన ‘బేబీ రూత్’ మిఠాయి బార్లను చిన్న చిన్న కాగితపు పారాచూట్లకు కట్టి జారవిడిపించింది. కాగితంలో చదివే సరుకు ఏకంగా నోటికే అందింది! కొన్నేళ్ల తర్వాత మయామీ దగ్గర హయలియా గుర్రప్పందేల మైదానం మీద డగ్ డేవిస్ నడిపిన విమానంలో కూర్చుని అలాగే మిఠాయిలు విసిరిన పన్నెండేళ్ల బాలుడు పాల్ టిబెట్స్. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు వేసిన విమానానికి పైలట్ అతడే. ఆ రెండు సంగతులనూ పక్కపక్కన తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ఇక తగ్గుదలకు కారణాలు. 1922లో ఇంగ్లండులో డెర్బీ అనే ప్రసిద్ధ గుర్రప్పందెం వేళ సిరిల్ టర్నర్ అనే పైలట్ ఆకాశంలో పొగతో ‘డెయిలీ మెయిల్’ పత్రిక పేరు రాశాడు. ఒక్క కాగితమూ నేలపాలు కాకుండా మైళ్ల దూరానికి కనబడే ఈ కొత్త దారి ప్రకటనదారులను ఆకట్టుకుంది. వీధుల్లో, పొలాల్లో పేరుకునే చెత్త గురించి, కిందివారి భద్రత గురించి ప్రభుత్వాలూ పట్టించుకోసాగాయి. మన దేశంలోనూ 1937 నాటి విమాన నిబంధనల ప్రకారం, ఎగిరే విమానం నుంచి ఇలాంటివి జారవిడవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి.