పాత ఇంగ్లీషు హాస్యపాటల్లోని వింత మాటలు అర్థం కావాలంటే ఏం చేయాలి?

"ఇంగ్లీషు బాగానే వచ్చు, కానీ నూరేళ్ళ నాటి లండన్ మ్యూజిక్ హాల్ (జనం పాటలు వినడానికి వెళ్ళే వినోదశాల) పాటలు వింటే సగం అందడం లేదు, ఏ నిఘంటువు కొనాలి?" అని అడిగారు. నిఘంటువు సంగతి తర్వాత. ముందు ఆ పాటలో ఎవరికి డబ్బు ఇబ్బంది వచ్చిందో చూడండి. ఆ పాటల్లోని లండన్ యాసలో చాలా మాటలు అద్దెలు, తాకట్లు, తాగుడు, పోలీసుల చుట్టూ తిరిగేవే.

1919 నాటి మ్యూజిక్ హాల్ గాయని మేరీ లాయిడ్ పాట 'మై ఓల్డ్ మ్యాన్' తీసుకోండి. నేను తూర్పు లండన్‌లో ఒక వృద్ధాశ్రమంలో పనిచేసేటప్పుడు ఈ పాట లేకుండా పాటల సాయంత్రం గడిచేది కాదు. సొంత పిల్లల పేర్లు మరిచిపోయినవాళ్ళు కూడా పల్లవి అందుకునేవారు. అంత హుషారైన వరస వెనక కథేమిటో ఒక పెద్దావిడ విడమరిచి చెప్పారు. అద్దె కట్టలేని జంట చీకటి పడ్డాక సామాను బండికెక్కించి ఉడాయిస్తోంది. దీన్ని అక్కడ 'మూన్‌లైట్ ఫ్లిట్' అంటారు. ఓల్డ్ మ్యాన్ అంటే ఆమె మొగుడే. బండిలో చోటు లేక ఆమె పెంపుడు పిట్టతో వెనకాలే నడుస్తుంది. దారిలో 'హాఫ్ క్వార్టర్న్' కోసం ఆగుతుంది, అంటే పింటులో (అర లీటరుకు కాస్త పైన) ఎనిమిదో వంతు జిన్ అనే మద్యం. తీరా చూస్తే బండి లేదు, కొత్త ఇంటికి దారీ తెలియదు. ఆమె నమ్మలేనంటున్న 'స్పెషల్స్' అసలు పోలీసులు కారు, వాళ్ళకు సాయంగా వచ్చిన స్వచ్ఛంద కానిస్టేబుళ్ళు. ఆ పెద్దావిడ చిన్నప్పుడు వాళ్ళ కుటుంబమూ ఓ రాత్రి ఇలాగే ఇల్లు మారిందట. గిన్నెలు చప్పుడు చేయకుండా వాళ్ళమ్మ దుప్పట్లో చుట్టిందని చెప్పారు.

'పాప్ గోస్ ద వీజిల్' కూడా పిల్లల పాటలా వినిపిస్తుంది గానీ అందులో 'పాప్' అంటే తాకట్టు పెట్టడం. లండన్‌లోని సిటీ రోడ్డు, ఈగిల్ అనే సారాయి అంగడి, డబ్బు కరిగిపోవడం, అన్నీ పాటలోనే ఉన్నాయి. తాకట్టు వ్యాపారిని 'అంకుల్' అనేవారు. ఇక 'వీజిల్' అంటే తొడుక్కునే కోటు అనా, పనిముట్టు అనా అన్నది నేటికీ తేలలేదు. ఇలాంటి చోట ఒక మాటకు బదులు దానితో ప్రాస కలిసే మాట వాడారని చెప్పే అందమైన వివరణలు దండిగా దొరుకుతాయి. దయచేసి తొందరపడి నమ్మకండి. మ్యూజిక్ హాల్ గాయకుడు ఆల్బర్ట్ షెవాలియర్ 1892లో భార్యను 'డచ్' అని పిలుస్తూ పాడిన పాటకూ ఇదే గతి పట్టింది: అర్థంలో అనుమానం లేదు, పుట్టుక మీదే తగవులు.

1911 నాటి 'ఎనీ ఓల్డ్ ఐరన్'లో టైల్ అంటే టోపీ, నాపర్ అంటే తల. ఇలాంటి విడి మాటలకు జోనథన్ గ్రీన్ యాస నిఘంటువు ఆన్‌లైన్‌లో చూడండి. ఏ మాట ఏ ఏడాది ఏ అర్థంలో అచ్చయిందో ఉదాహరణలతో ఉంటుంది. మీ పాట వచ్చిన ఏడాదికి దగ్గరి ఉదాహరణే తీసుకోండి.

వినడం మాత్రం షెవాలియర్‌తో మొదలుపెట్టండి, నిదానంగా పాడతాడు. 'ఎనీ ఓల్డ్ ఐరన్' పాడిన హ్యారీ ఛాంపియన్ వేగం అందుకోవాలంటే ముందు సాహిత్యం ఎదురుగా పెట్టుకోక తప్పదు.