వరద తీశాక గోదావరిలో ఆల్చిప్పలు, నత్తలు, నీటి పురుగులు ఏమవుతాయి?

గోదావరికి అంత వరద వస్తే నత్తలు, పీతలు, నీటి పురుగులు అన్నీ సముద్రంలో కలిసిపోవా, మళ్లీ ఏటా ఎక్కడి నుంచి వస్తాయి అని అడిగారు. మాది కోనసీమలో లంక ఊరు. చాలా పోతాయి గానీ అన్నీ పోవు. నేను కళ్లారా చూసిన చావులైతే ఎక్కువగా వరద తీసేటప్పుడువే.

2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఆ నీరు మా లంకల మీంచి తీశాక ఊరికి వెళ్లాను. ఇసుక తిన్నె నిండా పుల్లతో గీసినట్టు సన్నటి గీతలు. ఒక్కో గీత చివర ఒక ఆల్చిప్ప! ఆల్చిప్పకు కండలాంటి కాలు ఒకటే ఉంటుంది. దాన్ని ఇసుకలోకి దించి ఒళ్లు ముందుకు లాక్కుంటుంది. వెనక్కి పోతున్న నీటిని అందుకోవాలని అలా పాకాయి, నీరు వాటికంటే ముందే వెళ్లిపోయింది. గట్టిగా మూసుకున్నవి ఇంకా బతికే ఉన్నాయని మా తమ్ముడి పిల్లలూ నేనూ రెండు బకెట్లు ఏరి పాయలో వదిలాం. నోరు తెరుచుకుపోయినవి అంతకు ఎన్నో రెట్లు. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

వరద వడిని తట్టుకోవడం మాత్రం అడుగు ఎలాంటిదన్న దాన్ని బట్టి ఉంటుంది. మా అమ్మమ్మగారి ఊరు రంపచోడవరం వైపు. అక్కడి వాగుల్లో పైన ఎంత ఉరవడి ఉన్నా, గులకరాళ్ల సందుల్లో నీరు నెమ్మదిగానే కదులుతుంది. పురుగులు చాలా అక్కడికి దిగి దాక్కుంటాయి. మా దగ్గర అడుగంతా ఇసుక, వరదకి అదే కదిలిపోతుంది. అందుకే ఒడ్డున చెట్ల వేళ్లు, పక్క పాయలు, మడుగులే వాటికి దిక్కు. వాటిని పూడ్చేస్తుంటే నాకు టెన్షన్‌గా ఉంటుంది. ఇక ఎర్రనీటిలోని ఒండ్రు మొప్పలకు పట్టి ఊపిరాడనివ్వదు, రాళ్ల సందుల్నీ మూసేస్తుంది.

మళ్లీ రావడం ఒక్కోదానిది ఒక్కో దారి. పురుగులు కొన్ని ఎగువ నుంచి కొట్టుకొస్తాయి. తూనీగల్లాంటివి ఎగిరొచ్చి గుడ్లు పెడతాయి, వాటి పిల్లలు పెరిగేది నీళ్లలోనే. మంచినీటి పీత గుడ్లను పొట్ట కిందే మోస్తుంది, అవి పిల్ల పీతలుగానే బయటికొస్తాయి. నీలకంఠ రొయ్యకు అసలు కిందికి పోవడమే కావాలి. దాని పిల్లలు మొదట్లో ఉప్పు కలిసిన నీటిలోనే బతుకుతాయి, కాస్త ఎదిగాక ఎగువకు ఎక్కుతాయి. ఆల్చిప్ప పిల్లలు చేపల మొప్పలకో రెక్కలకో అతుక్కుని ప్రయాణం చేస్తాయి, అంటే చేపలు తిరగలేని చోటికి ఆల్చిప్పలూ రావు. పురుగులు కొన్ని వారాల్లోనే మళ్లీ కనిపిస్తాయి. ఆల్చిప్పలు మునుపటిలా నిండాలంటే ఏళ్లు పడుతుంది.

మీ దగ్గర్లో తిన్నె ఉంటే వరద తీసిన వెంటనే, పొద్దున్నే ఎండ ముదరకముందు వెళ్లి చూడండి. నీరు మళ్లీ పెరుగుతుందన్న కబురుంటే మాత్రం దిగొద్దు. మూసుకుని ఉన్న ఆల్చిప్ప దొరికితే దూరంగా విసరకండి. నిదానంగా పారే పాయలో, చేతికందే లోతులో, ఇసుక మీద పెట్టి రండి. మిగతాది అదే దిగిపోతుంది.