ఫెండర్ చవకే, డై కాదు

ప్రశ్న: మావాడు మెకానికల్ డిప్లొమా చివరి ఏడాది. పీణ్య పారిశ్రామికవాడలో షెడ్డు తీసుకుని పాత పద్మిని కార్లకు కొత్త ఫెండర్లు (ముందు చక్రాల మీది రేకులు) చేసి అమ్ముతాడట. హిందూపురంలో స్థలం అమ్మి ఇరవై లక్షలు ఇమ్మంటున్నాడు. ఇవ్వమంటారా?
- ఒక తండ్రి, యలహంక, బెంగళూరు

జవాబు: స్థలం ఇప్పుడే అమ్మకండి. అలాగని పిచ్చి ఆలోచన అని కొట్టిపారేయకండి.

ఫెండర్‌కు ఎంత రేకు పడుతుందో అబ్బాయినే లెక్క వేయమనండి. మీటరు పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 0.8 మిల్లీమీటర్ల మందం అనుకుంటే నాలుగు కిలోల లోపే. ఖర్చంతా డైలది, అంటే రేకును నొక్కి ఆకారం తెచ్చే ఉక్కు అచ్చులది. రేకును లోతుగా లాగడానికి ఒకటి, చుట్టూ కోయడానికి ఒకటి, అంచు మడవడానికి ఇంకొకటి. ఎడమవైపు డై కుడివైపుకు పనికిరాదు కాబట్టి అన్నీ రెండేసి. మాటవరసకు మొత్తం 12 లక్షలు అనుకుందాం. వంద ఫెండర్లు అమ్మితే ఒక్కోదాని మీద డై భారమే 12,000. పదివేలు అమ్మితే 120. పద్మిని తయారీ ఆగి ఇరవై ఏళ్లు దాటింది, పదివేల మంది ఎక్కడ దొరుకుతారు? పైగా మీవాడికి పోటీ ఇంకో ఫ్యాక్టరీ కాదు, సందు చివరి టింకర్. సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, పుట్టీ పెట్టి పాతదాన్నే నిలబెట్టేస్తాడు.

ఇంగ్లండ్‌లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ ఎంజీబీ కారు బాడీలను 1988 నుంచి మళ్లీ చేస్తోంది కదా అని అబ్బాయి అడగవచ్చు. వాళ్లకు అసలు డైలే దొరికాయి. ఆ కార్లు కూడా 5 లక్షలకు పైగా తయారయ్యాయి.

ఇక అమరిక. డై తెరవగానే రేకు కాస్త వెనక్కి విచ్చుకుంటుంది. రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా బానెట్ పక్కన సందు వంకరగా కనిపిస్తుంది. నమూనాకు తెచ్చిన పాత ఫెండర్ అప్పటికే సుత్తి దెబ్బలు తిన్నదైతే, ఆ సొట్టలే డైలోకీ వస్తాయి.

మొదలుపెట్టాలంటే ఫ్లోరు ముక్కలు, తలుపు కింది పట్టీలతో మొదలుపెట్టమనండి. తుప్పు ముందు తినేది వాటినే. చాలావరకు తిన్నని మడతలే, బెండింగ్ మెషిన్ చాలు. ఏ మోడల్‌కైనా చేయవచ్చు. పాత కార్లు బాగుచేసే వర్క్‌షాపుల దగ్గర అడ్వాన్సు తీసుకున్నాకే రేకు కోయాలి. కంపెనీ పేరు, గుర్తు మాత్రం సరుకు మీద వేయకూడదు.

డిప్లొమా అవగానే డై తయారీ నేర్పించండి. బెంగళూరులోనే జీటీటీసీ, ఎన్‌టీటీఎఫ్ శిక్షణ సంస్థలు ఉన్నాయి, హైదరాబాద్ బాలానగర్‌లో సీఐటీడీ ఉంది. ఆ పని చేతికొస్తే ఫెండర్లు అమ్ముడుపోకపోయినా పీణ్యలో ఖాళీగా కూర్చోడు. రెండేళ్లు డైలు తయారుచేసే ఏదైనా టూల్ రూమ్‌లో చేసి, పది అడ్వాన్సులు చూపించి మళ్లీ అడిగితే, అప్పుడు స్థలం కాగితాలు బయటికి తీయండి.